మద్దేడ్‌లో ఆగిపోయే మిషన్

పూర్తిగా చచ్చిపోయిన కంప్యూటర్‌ని బాగుచెయ్యడం తేలిక. పిడుగు పడింది, పొగ వచ్చింది, ఆన్ కావడం లేదు; ఏది పోయిందో అదే చెప్పేస్తుంది. మనిషిని ఏడిపించేది ఆగి ఆగి నడిచే కంప్యూటర్. అరగంట బుద్ధిగా పనిచేస్తుంది. తర్వాత మౌస్ బాణం ఉన్నచోటే నిలబడిపోతుంది, మూలన గడియారం ముందుకు కదలదు, కీబోర్డు మీద తబలా వాయించినా పలకదు. బటన్ నొక్కిపట్టి ఆర్పేసి మళ్లీ లేపితే, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. మా వైపు దీన్ని హ్యాంగ్ అంటారు. తెలుగు, హిందీ, గోండి, దొర్లి, హల్బీ, ఎవరు ఏ భాష మాట్లాడినా ఈ మాట దగ్గర మాత్రం అందరూ ఒకటే.

తెలుగు నేలకు సరిహద్దు అవతల ఉన్న భోపాలపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బిగించి, బాగుచేసి, ఈమధ్యే కొట్టు మూసేశాను. చేతులు వణుకుతున్నాయి. వణికే చేత్తో సన్న స్క్రూ పెట్టబోతే అది బోర్డు కిందికి దూరి దాక్కుంటుంది. చదువు ఏడో తరగతి. లెక్కల మాస్టారూ నేనూ ఒకే గదిలో ఇమడలేకపోయాం. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేను బయటికొచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నాలుగు మాటలు రాసిపెట్టమన్నారు. ఏ పార్టు ఎలా మార్చాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోండి, నాకంటే బాగా చెబుతారు. వీడియోల్లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది రాయడం నాకేమీ సరదాగా లేదు.

టీవీ వెనక కూర్చునే మనిషి

పని నేర్చుకున్నది ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో. మా గురువు శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి దిగిపోయాక టీవీల కొట్టు పెట్టుకున్నాడు. ఊరంతా మావయ్య అనేవాళ్లు, నేనూ అదే అనేవాణ్ని. అక్కడ ఏ టీవీ విప్పినా లోపల ఎర్రటి ఖనిజం దుమ్ము, కుంకుమ భరిణె తెరిచినట్టు ఉండేది.

ఆయనకొక పిచ్చి. ఎవరైనా టీవీ మోసుకొస్తే వెంటనే విప్పేవాడు కాదు. ముందు అది ఇంట్లో ఎక్కడ ఉండేదో చూడాలని సైకిలెక్కేవాడు. ఆ ఇంటికి పోయి, టీవీ పెట్టే బల్ల ముందు కాదు, వెనక చతికిలబడేవాడు. ప్లగ్గు చూసేవాడు, గోడ తడిమేవాడు, వాళ్లిచ్చిన టీ తాగేవాడు. సంచి భుజాన వేసుకుని పక్కన నిలబడి నేను విసుక్కునేవాణ్ని.

"మావయ్యా, టీవీ కొట్లో ఉంటే మనం ఇక్కడ గోడ చూస్తున్నామేంటి?"

"రోగం ఒక్కోపాలి టీవీలో ఉండదురా. అది ఉండే తావులో ఉంటాది. నీకు నోరెక్కువ, కళ్లు తక్కువ. రెండూ అటూ ఇటూ మార్సుకో, బాగుపడతావు."

"మార్చుకుంటే తిండి కళ్లతో తినాలి మావయ్యా, కారం పడదు."

నవ్వేవాడు. ఆయన చేసిన ఒకే ఒక తప్పు అది. నా మాటలకు నవ్వినవాళ్లందరూ నాకు చెడే చేశారు.

సొంత కొట్టు పెట్టగానే ఆయన పద్ధతి వదిలేశాను. పూర్తిగా వదిలేశానంటే అబద్ధం. అధికారుల ఇళ్లకు మాత్రం పిలవగానే వెళ్లేవాణ్ని. ఒక సాహెబ్ గారి మిషన్ రోజూ మధ్యాహ్నం హ్యాంగవుతోందంటే మూడుసార్లు వెళ్లి కూర్చున్నాను. మూడోసారి కనబడింది: ఆ ఇంటి పిల్లి వెచ్చగా ఉందని మిషన్ వెనక, వేడిగాలి బయటికొచ్చే చోట వీపు ఆనించి పడుకుంటోంది. సాహెబ్, నేను పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. ఆయన ఇంట్లో పకోడీలు పెట్టారు. ఆ తర్వాత ఆయన ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసే పని కూడా నాకే వచ్చింది.

మామూలు జనానికి మాత్రం ఫోన్లో ఒకటే మాట: మిషన్ తీసుకుని రా. బస్సు దొరికిందా, బండి మీద తాడుతో కట్టుకొచ్చారా, ఒళ్లో పెట్టుకుని వచ్చారా, నేనెప్పుడూ అడగలేదు.

వసారాలో బిగించిన మిషన్

సారక్కది మద్దేడ్. దొర్ల తెగ మనిషి, పన్నెండో తరగతి చదివింది. ఇంటి వసారాలో చాయిస్ సెంటర్ నడిపేది. కులం సర్టిఫికెట్, పింఛను, భూమి నకలు, ఇలాంటి కాగితాలు జనం కోసం ఆన్‌లైన్లో నింపి పంపే కొట్టు అది. అలా పంపాలంటే పై ఆఫీసు ఇచ్చిన ఐడీ ఉండాలి. ఐడీ ఉంటేనే అది సెంటర్. లేకపోతే ఉత్త వసారా. ఆ చుట్టుపక్కల ఐడీ ఉన్న ఆడమనిషి తనొక్కతే. రోడ్డు పక్కన జిరాక్సు కొట్టు పెట్టుకున్న ఒకతను, ఊరికి ఒక్కటే ఇచ్చే ఆ ఐడీ తనకు రావాలని ఎప్పటినుంచో తిరుగుతున్నాడు. ఈ సంగతి సారక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

మిషన్ కావాలని సారక్క వచ్చినప్పుడు కొట్లో బిగించి ఇస్తానంటే ఒప్పుకోలేదు.

"సామాను మా ఇంటికి తే అన్నా. నా ముందల్నే బిగించు. లోపల ఏమేముంటయో నేను జూడాలె."

"చూసి ఏం జేస్తవ్ చెల్లె, నా కొట్టుకు పోటీ పెడతవా?"

"పెడితే నీకే మంచిది. నోటికి రెస్టు దొరుకుతది."

వసారాలో చాప పరిచి బిగించాం. ప్రతి పార్టు పేరు అడిగింది, చివరి నాలుగు స్క్రూలు తనే తిప్పింది. కరెంటును మిషన్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బాను ఎస్‌ఎంపీఎస్ అంటారు. నేను తెచ్చిన క్యాబినెట్‌లో అది అడుగున ఉంటుంది. దాని ఫ్యాన్ నేలవైపు తిరిగి, కింది నుంచి గాలి పీలుస్తుంది. క్యాబినెట్‌ని బల్ల కింద ఒక చెక్కపీట మీద పెట్టి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో గడగడా చెప్పేసి, బస్సు వేళైందని లేచి వచ్చేశాను.

వానాకాలం, చలికాలం బాగానే నడిచింది. ఎండలు మొదలవగానే ఆగిపోవడం మొదలైంది.

నా బల్ల మీద రోగం లేదు

మొదటిసారి తెచ్చినప్పుడు మా కులవిద్య చేశాను. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. హ్యాంగయ్యే మిషన్లలో సగం దీనికే బాగవుతాయి. దాంతో మనకు వైద్యుడి పోజు వచ్చేస్తుంది. సాయంత్రం దాకా నడిచింది. పంపేశాను. మర్నాడే ఫోన్.

రెండోసారి వైరస్ అన్నాను. వైరస్ అనేది మా పనిలో 'నాకు తెలియదు' అన్నదానికి పెట్టుకున్న గౌరవమైన పేరు. విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేశాను. అందులో సారక్క ఊరివాళ్ల కాగితాలు స్కాన్ చేసి దాచుకుంది. ఏమైనా తీసి పెట్టుకోవాలా అని నేను ఒక్క మాట అడగలేదు. అన్నీ పోయాయి. తను ఒక్కొక్కళ్లకీ కబురుపెట్టి, మళ్లీ కాగితాలు తెప్పించుకుని, మళ్లీ స్కాన్ చేసింది. ఫారాలు వెనకబడింది అప్పటినుంచే.

మూడోసారి క్యాబినెట్‌ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"ఏంది చెల్లె, మళ్లా వచ్చినవ్? మిషన్‌కి నా మీద మనసైనట్టుంది."

"నవ్వకు అన్నా. ఫారం సగం నింపంగనే ఆగుతది. మళ్లా మొదటికెల్లి నింపాలె. జనం వసారాల కూసోని నా మొకం జూస్తున్నరు."

సాయంత్రం దాకా బల్ల మీద నడిపించి చూసి మళ్లీ మొదలుపెట్టాను.

"ఇగో జూడు, నా దగ్గర పొద్దుగాలకెల్లి నడుస్తనే ఉన్నది. నా కాడ మంచిగుంటది, నీ కాడ అలుగుతది. అంటే కొరత ఎవరి కాడ ఉన్నట్టు?"

"మరి నా కాడ ఏం కొరతనో చెప్పు. జేస్త."

"పిల్లలకు ఆటలాడనీకి ఇస్తున్నవా? తడిచేతులు పెడుతున్నవా? ఊకె ప్లగ్గు గుంజి ఆపుతున్నవా?"

"ఒక్కటి గూడ జేస్త లేను అన్నా."

కొట్లో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లను నవ్వించడానికి, అందరూ ఇదే చెబుతారని ఏదో అన్నాను. వాళ్లు నవ్వారు. తను దుప్పటి మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు కాస్త నిదానంగా చదవండి. రిపేరు బల్ల మీద మన అందరికీ ఒక సొంత ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. మంచిది, నమ్మకమైనది. వచ్చిన బోర్డుని క్యాబినెట్ నుంచి తీసి, దానికి తగిలించి చూస్తాం. చేతికి అలవాటు. మూడుసార్లూ సారక్క బోర్డు నా ఎస్‌ఎంపీఎస్ మీద నడిచింది, దినమంతా నడిచింది. తర్వాత తన క్యాబినెట్లో బిగించి, ఆన్ అయిందా, అయింది, మూత పెట్టెయ్. రోగం ఎక్కడుందో నా బల్ల మూడుసార్లు చెప్పింది. నా డబ్బాతో ఆగదు, తన డబ్బాతో ఆగుతుంది; ఇంతకంటే తేట సమాధానం ఉండదు. నేను మార్చినదాన్ని మార్పుగా లెక్కపెట్టలేదు కాబట్టి నాకు వినబడలేదు. ఏ మిషన్‌నైనా చూసేముందు, మీరు దేన్ని తీసి దేన్ని పెట్టారో రాసుకోండి. అలవాటుగా చేసినదాన్ని మొదట రాసుకోండి.

ఏడో మాట

నాలుగోసారి తను రాలేదు. ఫోన్ చేసింది.

"అన్నా, ఈసారి మిషన్ రాదు. నువ్వే రావాలె. వారంలోపల సెంటర్ సరిగ్గ నడవకపోతే ఐడీ వేరేటోళ్లకు ఇస్తమని కాగితం వచ్చింది. ఎందుకు ఆగుతున్నదో మెకానిక్ తోటి రాయించి పంపుమన్నరు."

మర్నాడు పొద్దున బస్సెక్కాను. ఎండలు మండుతున్నాయి. సంచిలో ఒక కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసుకున్నాను, తెలివి వచ్చి కాదు, అది సంచిలో ఎప్పుడూ ఉండే సామాను కాబట్టి. వసారాలో ఒక తాత పింఛను కాగితం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా వస్తున్నాడట.

"నువ్వేనా మెకానిక్? ఈ పెట్టె మా బర్రె లెక్క ఉన్నదయ్యా. కూసున్నదంటే లేవది," అన్నాడు.

"పాలిస్తదా తాతా?"

"నా పింఛనియ్యమను, పాలు నేనే కొనుక్కుంట."

లోపలికి అడుగుపెట్టగానే వాసన కొట్టింది. గుగ్గిలం. అడవిలో చెట్టుకు గాటుపెట్టి తీసే బంక. ఇక్కడి సంతలో ఆకుదొన్నెల్లో పోసి అమ్ముతారు, నిప్పుల మీద వేస్తే చిక్కటి పొగ వస్తుంది. బల్ల కిందకి వంగి చూశాను. చెక్కపీట పక్కన, క్యాబినెట్ అడుగుకు ఆనించినట్టుగా ఒక మట్టిపిడత, అందులో నిప్పులు, నిప్పుల మీద గుగ్గిలం. పొగ పైకి రావడం లేదు. వచ్చింది వచ్చినట్టు మిషన్ అడుగులోకి పోతోంది.

ప్లగ్గు పీకి, ఎస్‌ఎంపీఎస్ బయటికి తీశాను. ఫ్యాన్ రెక్కలకు నల్లబెల్లం పాకం పూసినట్టుంది, ఆ పాకానికి ఊరి దుమ్మంతా అంటుకుంది. వేలితో తిప్పితే జిగురులో తిప్పినట్టు కదిలి ఆగింది. ఫ్యాన్ తిరక్కపోతే డబ్బా వేడెక్కిపోతుంది, వేడెక్కిన డబ్బా కరెంటు సరిగ్గా ఇవ్వదు, బోర్డు ఉన్నచోటే నిలబడిపోతుంది. అంతే రోగం. మూడుసార్లు నా కొట్లో ఇది నా చేతికింద ఉంది. అడుగున, నేలకేసి ఉన్న ఫ్యాన్ కాబట్టి వంగి చూడలేదు.

నాకు కోపం వచ్చింది. తప్పు దొరికిన ఆనందంతో వచ్చే కోపం అది.

"చెల్లె, ఏందిది? మిషన్ కింద నిప్పులు పెడతరా? ఎవడన్న బుద్ధున్నోడు చేసే పనేనా?"

సారక్క నా మొహం చూసింది. వెక్కిరిస్తున్నానేమో తెలుసుకోవడానికి చూసినట్టు చూసింది.

"నువ్వే గద అన్నా చెప్పినవ్."

"నేనా?"

బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. మొదటి పేజీలో మిషన్ బిగించిన రోజు నేను గడగడా చెప్పినవన్నీ హిందీలో వరసగా రాసి ఉన్నాయి. తడిచేతులతో ముట్టకూడదు. పని కాగానే గుడ్డ కప్పాలి. ప్లగ్గు గుంజి ఆపకూడదు. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. కరెంటు పోయి వస్తే కాసేపు ఆగాలి. ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ఏడోది: రోజూ పొద్దున మిషన్ కింద గుగ్గిలం పొగ వెయ్యాలి.

"ఆగకుండ నడవాలంటె ఇంకేమన్న జెయ్యాల్నా అని అడిగిన. కొత్త బర్రెకు ఏసినట్టు రోజూ పొద్దుగాల కింద గుగ్గిలం ఎయ్యి, దిష్టి తగలది, ఆగది అన్నవ్. ఒక్క దినం గూడ తప్పలే అన్నా. ఆగుడు మొదలైనంక రెండు పూటల ఏస్తున్న."

నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు లేదు. కానీ అన్నాననడానికి అనుమానమే లేదు, అది నా మాటే, నా జోకుల్లో ఎప్పుడూ తిరిగే బర్రెలే. జోకు వేసినవాడు బస్సెక్కి వెళ్లిపోతాడు. ఎదుటి మనిషి అప్పుడే ఆరు నిజమైన సూచనలు రాసుకుంది; ఏడోది మాత్రం నవ్వులాట అని తనకెలా తెలియాలి? గాలి, దుమ్ము, వేడి, దిష్టి, వీటిలో ఏది మిషన్‌కి తగులుతుందో ఏది తగలదో చెప్పవలసినవాణ్ని నేను. తను నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పలేదు. ఇరవై ఏళ్లలో అంత జాగ్రత్తగల ఆపరేటర్‌ని నేను చూడలేదు.

తాత ఒక్కడే నవ్వాడు. "మెకానిక్కే పొగబెట్టమన్నడంట," అని తనలో తనే చెప్పుకుని నవ్వాడు.

రెండే గళ్లు

కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించాను. మిషన్ లేచింది. వెనకబడిన ఫారాలన్నీ తెరిచి నడిపించాం. గంట దాటినా ఆగలేదు. ఇంతలో నా ఫోన్ మోగింది. ఐడీలు చూసే ఆఫీసు నుంచి, పిల్లి ఉన్న సాహెబే. నేను మద్దేడ్‌లో ఉన్నానని విని సంతోషించాడు. దోషం మిషన్‌దా, ఆపరేటర్‌దా, రెండు ముక్కలు లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసి పంపెయ్ భయ్యా, అన్నాడు. మిషన్‌దైతే గడువు ఇస్తారు. ఆపరేటర్‌దైతే ఐడీ పోతుంది. మెకానిక్‌ది అనే గడి లేదు.

మిషన్‌ది అని రాయొచ్చు. రాస్తే బిగించింది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. ఆ సాహెబ్ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నా చేతిలో ఉన్నాయి. జరిగింది జరిగినట్టు రాయొచ్చు. రాస్తే ఆఫీసంతా నన్ను చూసి నవ్వుతారు. ఇతరులను నవ్వించడం వేరు, వాళ్లు మనల్ని చూసి నవ్వడం వేరు. నాకు రెండోది అలవాటు లేదు.

సారక్క కుర్చీలోనే కూర్చుని హిందీలో రాశాను: 'మిషన్ దగ్గర నిప్పు, పొగ పెట్టినందువల్ల పార్టు చెడిపోయింది. ఇది నిర్వహణలో అజాగ్రత్త.' కింద సంతకం, ముద్ర. అందులో ఒక్క మాట అబద్ధం కాదు. ఈ పనిలో మీరు నేర్చుకోబోయే అతి చెడ్డ విద్య అదే: ఒక్క అబద్ధపు మాట లేకుండా అబద్ధం రాయడం. ఎవరూ నేర్పనక్కర్లేదు, ముద్ర చేతికి రాగానే దానంతటదే వస్తుంది.

ఐడీ వారం తిరక్కుండా రోడ్డు పక్క జిరాక్సు కొట్టుకు వెళ్లింది. అతనికి కొత్త మిషన్ బిగించి ఇచ్చింది కూడా నేనే. నేను చెయ్యనంటే ఇంకొకడు చేస్తాడని అప్పుడు అనుకున్నాను. నిజమే, ఇంకొకడు చేసేవాడు. ఆ తర్వాత కొట్టు తెరిచి ఉన్నన్నాళ్లూ జోకులు వేశాను, జనం నవ్వారు. అది మానలేకపోయాను. మానితే ఎందుకు మానావని ఎవరైనా అడుగుతారేమోనని భయం. సారక్క తర్వాత నా కొట్టుకు రాలేదు. నేనూ మద్దేడ్‌లో బస్సు దిగలేదు.

ఆ రోజు కాగితం రాసి ఇస్తే నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. హిందీ నాకంటే తనకే బాగా వచ్చు.

"అన్నా, ఏడో మాట ఎవరు చెప్పిండ్రో ఇందుల రాయలే."

"కాగితం చిన్నగున్నది చెల్లె," అన్నాను.

నా సంచిలో లెటర్‌హెడ్‌లు ఒక కట్ట ఉన్నాయి. అడిగితే ఇంకోటి రాసేవాణ్నేమో. తను అడగలేదు. స్కానర్ మూత ఎత్తి, నా కాగితాన్ని బోర్లా పెట్టి, అంచులు వంకర పోకుండా వేలితో సర్దింది. తన ఐడీతో లాగిన్ అయి, ఆఫీసుకు తనే పంపింది. మిషన్ ఎక్కడా ఆగలేదు.

"పోయింది అన్నా," అంది.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, వసారా వైపు చూసి పిలిచింది.

"జల్ది రా తాతా. ఐడీ ఉన్నప్పుడే నీది పంపుత."